పళ్ల చక్రము ఎన్నుకొనుట ఎట్లు?

యంత్రములను స్వయముగా చేయించుకొను రైతులకు కొన్ని సూచనలు



పసుపు మెరుగుపెట్టు పీపా, వేరుశనగ కాయలు ఒలుచు యంత్రము, మేత నరుకు యంత్రము, చెరకు గానుగ - ఇట్టివానిని కంపెనీ సరుకుగా కొనక, దగ్గరి పట్టణములోని లేత్ షాపులో తమ అవసరమునకు తగినట్లు చేయించుకొను రైతులు మనలో పెక్కుమంది కలరు. ఇది మెచ్చదగిన పని. ఖర్చు తగ్గును, మరమ్మతు చేతిలో నుండును. అయితే ఇట్టి యంత్రములలో చట్రము, బేరింగులు, బెల్టు అన్నియు సరిగానే ఉండి, గేరు ఒక్కటి తప్పుగా ఎన్నుకొనబడుటచే యంత్రమంతయు మూలబడుట తరచుగ జరుగుచున్నది. పసుపు ఉడికించి, ఆరబెట్టి, కళ్లములో పోసిన తరువాత గేరు పన్ను విరిగినచో కొత్త గేరు తయారగు వరకు సరుకు మెరుగులేక పడియుండును, కూలీలు తిరిగిపోవుదురు, మార్కెట్టు ధర ఆగదు.

సేద్యశాస్త్రము చెప్పువారికి పళ్ల చక్రములతో పని యేమి అని మీరు అడుగవచ్చును. పండిన పంటను అమ్మకమునకు సిద్ధము చేయుట కూడ సేద్యములోని భాగమే. అదియును గాక, గేరు ఎంపికకు కావలసిన లెక్క ఎరువుల మోతాదు లెక్కకంటె కష్టమైనది కాదు. గుణకార భాగహారములు వచ్చినవారెవరైనను చేయగలరు.

స్పర్ గేరు అనగా నేమి?

పళ్లు ఇరుసునకు సమాంతరముగా, తిన్నగా కోయబడిన చక్రమును స్పర్ గేరు అందురు. రెండు ఇరుసులు పక్కపక్కన సమాంతరముగా ఉన్నపుడు మాత్రమే ఇది పనికివచ్చును. జతలో చిన్నదానిని పినియన్ అనియు, పెద్దదానిని గేరు అనియు పిలుతురు. రెండును ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగును. కావున పీపా ఏ దిశకు తిరుగవలెనో ముందే నిశ్చయించుకొని మోటారును అమర్చుకొనవలెను.

బెల్టు జారును, గేరు జారదు. పినియన్‌కు 20 పళ్లు, గేరుకు 80 పళ్లు ఉన్నచో పినియన్ నాలుగు చుట్లు తిరిగినపుడు గేరు సరిగా ఒక చుట్టు తిరుగును. వేగము నాలుగవ వంతు అగును. తిప్పు బలము సుమారు నాలుగు రెట్లు అగును. బరువైన పీపాను నెమ్మదిగా తిప్పుటకు గేరు వాడుటలోని ఉద్దేశము ఇదియే.

మాడ్యూలు: పంటి సైజునకు పేరు

మెట్రిక్ గేర్లలో పంటి సైజును మాడ్యూలు అను సంఖ్యతో చెప్పుదురు. రెండు గేర్లు కలియునట్టి ఊహా వలయమును పిచ్ వలయము అందురు. ఆ వలయపు వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని పళ్ల సంఖ్యతో భాగించగా వచ్చునదే మాడ్యూలు. దీని నుండి వచ్చు నాలుగు సూత్రములను మీ డైరీలో వ్రాసికొనుడు.

పిచ్ వ్యాసము = మాడ్యూలు × పళ్ల సంఖ్య.
బయటి వ్యాసము = మాడ్యూలు × (పళ్ల సంఖ్య + 2).
పంటి పూర్తి లోతు = మాడ్యూలు × 2.25.
రెండు ఇరుసుల కేంద్రముల మధ్య దూరము = మాడ్యూలు × (రెండు గేర్ల పళ్ల మొత్తము) ÷ 2.

ఉదాహరణకు 4 మాడ్యూలు గల 20, 80 పళ్ల జతను తీసికొందము. పినియన్ పిచ్ వ్యాసము 80 మి.మీ., బయటి వ్యాసము 88 మి.మీ. గేరు పిచ్ వ్యాసము 320, బయటి వ్యాసము 328 మి.మీ. పంటి లోతు 9 మి.మీ. ఇరుసుల మధ్య దూరము 200 మి.మీ.

మాడ్యూళ్లలో 1, 1.25, 1.5, 2, 2.5, 3, 4, 5, 6, 8, 10 అనునవి మొదటి వరుసకు చెందినవి. వీని కట్టర్లు సులభముగా దొరకును. 3.5, 4.5 వంటివి రెండవ వరుసవి. తప్పనిసరియైననే తప్ప వానిని కోరరాదు. జతలోని రెండు గేర్ల మాడ్యూలు ఒక్కటే కావలెను. ఇందు మినహాయింపు లేదు.

అంగుళపు గేర్ల విషయమున జాగ్రత్త

మన దేశమున మెట్రిక్ కొలతలకు 1956లో చట్టము చేయబడి, 1958 అక్టోబరు నుండి విడతలుగా అమలులోనికి వచ్చినది. అయినను పాత దిగుమతి యంత్రముల నుండి ఊడదీసిన అంగుళపు గేర్లు పాత ఇనుము బజారులో నేటికిని కనబడును. వీని పంటి సైజును డయామెట్రల్ పిచ్, లేక డి.పి., అని చెప్పుదురు. ఒక అంగుళపు పిచ్ వ్యాసమునకు ఎన్ని పళ్లు వచ్చునో ఆ సంఖ్యయే డి.పి. 25.4ను డి.పి. సంఖ్యతో భాగించినచో మాడ్యూలు వచ్చును.

ఇచటనే మోసపోవుదుము. 10 డి.పి. అనగా 2.54 మాడ్యూలు. ఇది 2.5నకు చాల దగ్గర. కంటికి తేడా తెలియదు. రెండింటిని జతచేసినచో చేతితో తిప్పినపుడు తిరిగినట్లే ఉండును. బరువు పడిన తరువాత ఒక్కొక్క పన్ను తన వంతుకు కొంచెము ముందో వెనుకనో తాకి దెబ్బ కొట్టును. మోత పెరుగును, పళ్ల అంచులు చితికిపోవును, తుదకు పన్ను విరుగును.

రెండవ తేడా ఒత్తిడి కోణము. పంటి చెక్కిలి ఎంత వాలుగా ఉన్నదో ఇది తెలుపును. నేటి మెట్రిక్ గేర్లు 20 డిగ్రీలవి. పాత అంగుళపు గేర్లలో పెక్కు 14.5 డిగ్రీలవి. సైజు ఒక్కటే అయినను కోణము వేరైనచో జత కుదరదు.

పాత గేరును కొలుచుట

విరిగిన గేరుకు బదులు కొత్తది చేయించునపుడు మొదట పళ్లు లెక్కించుడు. లెక్క మొదలుపెట్టిన పంటికి సుద్దతో గుర్తు పెట్టుడు. విరిగిన పంటి స్థానమును కూడ లెక్కలో చేర్చవలెను. తరువాత వెర్నియర్ కాలిపర్‌తో బయటి వ్యాసము కొలిచి, పళ్ల సంఖ్యకు రెండు కలిపి, దానితో భాగించవలెను. 38 పళ్ల గేరు బయటి వ్యాసము 100 మి.మీ. ఉన్నచో 100 ÷ 40 = 2.5 మాడ్యూలు. అదే 38 పళ్లతో 101.6 మి.మీ. వచ్చినచో అది 10 డి.పి. గేరు.

పళ్ల సంఖ్య బేసి అయినచో ఒక పంటికి సరిగా ఎదురుగా పన్ను ఉండదు, సందు ఉండును. అపుడు కాలిపర్ తక్కువ చూపును. అట్టి గేరునకు రంధ్రపు అంచు నుండి పంటి కొన వరకు కొలిచి, దానికి రంధ్రపు వ్యాసములో సగము కలిపి, రెట్టింపు చేయవలెను.

పంటి కొనలు అరిగియున్నచో బయటి వ్యాసమును నమ్మరాదు. అపుడు ఈ పరీక్ష చేయుడు. కాలిపర్ దవడలతో అయిదు పళ్లను కలిపి పట్టి కొలువుడు; పిమ్మట నాలుగు పళ్లను పట్టి కొలువుడు. దవడలు పంటి కొనలను గాక చెక్కిళ్లను తాకవలెను. మొదటి కొలత నుండి రెండవది తీసివేయగా వచ్చు తేడా 7.38 మి.మీ. అయినచో అది 2.5 మాడ్యూలు, 20 డిగ్రీలు. 7.50 వచ్చినచో 10 డి.పి., 20 డిగ్రీలు. 7.73 వచ్చినచో 10 డి.పి., 14.5 డిగ్రీలు. 20 డిగ్రీల గేర్లలో 3 మాడ్యూలుకు 8.86, 4 మాడ్యూలుకు 11.81 వచ్చును. అంత పెద్ద గేరు కానిచో నాలుగు మూడు పళ్లపైనను, పినియన్ అయినచో మూడు రెండు పళ్లపైనను ఇట్లే కొలువవచ్చును. సైజును, కోణమును ఒక్కసారిగా తెలుపు పరీక్ష ఇది.

తుదిగా ఇరుసుల మధ్య దూరమును కొలిచి, పై సూత్రముతో సరిచూడుడు. లెక్కకును కొలతకును పొత్తు లేనిచో ఆ గేర్లు దిద్దిన ఆకారముతో కోసినవై యుండవచ్చును. అట్టి సందర్భమున ఒక్క గేరును గాక జత రెండింటిని షాపునకు తీసికొనిపోవలెను.

పళ్ల సంఖ్య

పినియన్‌కు 17 పళ్లకు తగ్గించరాదు. 20 డిగ్రీల గేర్లలో అంతకు తగ్గినచో కట్టర్ పంటి మొదలును తొలిచివేయును. మొదలు సన్నమైన పన్ను గట్టిగా నిలువదు. చిన్న చక్రము చౌకయని 12, 13 పళ్లు పెట్టించుట పొదుపు కాదు. 18 నుండి 22 వరకు పెట్టుట మేలు.

ఒక జతతో ఆరు రెట్లకు మించి వేగము తగ్గింపదలచరాదు. మూడు, నాలుగు రెట్లు సుఖముగా ఉండును. మిగిలిన తగ్గింపును బెల్టులకు వదలుడు. గేరును తుది అంచెలో, పీపాకు దగ్గరగా పెట్టి, మోటారు వైపున బెల్టులు ఉంచినచో, లోపల రాయి పడి పీపా ఆగిపోయినను బెల్టు జారి పళ్లను కాపాడును.

ఎంత మాడ్యూలు కావలెను?

ఇది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. ఒక పసుపు మెరుగు పీపాకు లెక్క వేసి చూతము. మోటారు 2 హెచ్.పి., నిమిషమునకు 1440 చుట్లు. మొదటి బెల్టుతో నాలుగవ వంతు, అనగా 360. రెండవ బెల్టుతో మూడవ వంతు, అనగా 120. ఇది పినియన్ వేగము. 20, 80 పళ్ల జతతో పీపా 30 చుట్లు తిరుగును.

మొదటి మెట్టు: తిప్పు బలము. 727ను హెచ్.పి.తో గుణించి నిమిషపు చుట్లతో భాగించినచో కిలోగ్రాము-మీటర్లలో వచ్చును. 727 × 2 ÷ 120 = సుమారు 12.

రెండవ మెట్టు: పంటిపై పడు బరువు. 4 మాడ్యూలు అనుకొనినచో పినియన్ పిచ్ వ్యాసార్ధము 40 మి.మీ., అనగా 0.04 మీటరు. 12 ÷ 0.04 = 300 కిలోలు. మూడు బస్తాల ధాన్యము కంటె ఎక్కువ బరువు ఒక్క పంటిపై నిలుచునన్నమాట.

మూడవ మెట్టు: కుదుపులు. పీపాలోని పసుపు కొమ్ములు ఎగిరిపడుచుండును గనుక ఒకటిన్నర రెట్లు వేయవలెను: 450 కిలోలు. ఆయిలు ఇంజనుతో తిప్పినచో రెండు రెట్లు వేయుట క్షేమము. పళ్ల వేగమువలన కలుగు అదురునకు ఇంకొక 8 శాతము చేర్చగా సుమారు 486 కిలోలు.

నాలుగవ మెట్టు: పంటి మొదట పడు ఒత్తిడి. పై బరువును పంటి వెడల్పు, మాడ్యూలు, పంటి ఆకార సంఖ్య ఈ మూడింటి లబ్ధముతో భాగించవలెను. 20 పళ్లకు ఆకార సంఖ్య 0.32. వెడల్పు మాడ్యూలుకు పది రెట్లు, అనగా 40 మి.మీ. పెట్టుట వాడుక. 486 ÷ (40 × 4 × 0.32) = 9.5. చదరపు మిల్లీమీటరుకు 9.5 కిలోల ఒత్తిడి పడుచున్నది.

సి 45 ఉక్కు తెగు బలము చదరపు మిల్లీమీటరుకు సుమారు 60 కిలోలు. అందులో మూడవ వంతు, అనగా 20 కిలోలను హద్దుగా పెట్టుకొందము. 9.5 అందులో సగమునకు లోపు. కనుక 4 మాడ్యూలు చాలును. అరుగుదలకును తగినంత మిగులు ఉండును.

ఇపుడు చౌకగా వచ్చునని 3 మాడ్యూలు, 30 మి.మీ. వెడల్పు పెట్టించితిమి అనుకొనుడు. వ్యాసార్ధము 30 మి.మీ. అగును, పంటిపై బరువు 400 కిలోలకు పెరుగును. అదే విధముగా లెక్కించగా ఒత్తిడి 22 కిలోలు వచ్చును. హద్దు దాటినది. మాడ్యూలు ఒక్కటి తగ్గగా ఒత్తిడి రెట్టింపునకు మించి పెరిగినది. ఎందుచేతననగా, పళ్ల సంఖ్య మారనిచో, మాడ్యూలు తగ్గిన కొలది పన్ను సన్నబడును, వెడల్పు తగ్గును, చక్రము చిన్నదై బరువు పెరుగును. మూడు నష్టములు ఒకేసారి కలుగును. ఈ ఒక్క మాట మీకు జ్ఞాపకమున్న చాలును: అనుమానము కలిగినపుడు మాడ్యూలును ఒక మెట్టు పెంచుడు.

వెడల్పును మాత్రము ఇష్టము వచ్చినట్లు పెంచరాదు. మాడ్యూలుకు పన్నెండు రెట్లు మించినచో, ఇరుసు ఏ కొంచెము వంకరయైనను పంటి ఒక అంచే బరువు మోయును. మిగిలిన వెడల్పు వ్యర్థము.

ఏ ఉక్కు?

సాధారణ మెత్తని ఇనుము, అనగా ఎం.ఎస్., చేతితో తిప్పు యంత్రములకును, తేలిక పనులకును సరిపోవును. రోజంతయు మోటారుపై తిరుగు గేరునకు చాలదు. విరుగక ముందే అరిగిపోవును.

సి 45, ఈఎన్ 8 అనునవి దాదాపు ఒకే జాతి ఉక్కులు. ఇంచుమించు 0.4 నుండి 0.45 శాతము కర్బనము ఉండును. దొరకుట సులభము, కోయుట సులభము, అవసరమైనచో పళ్లను కాచి చల్లార్చి గట్టిపరచవచ్చును. సేద్యపు యంత్రములలో పెక్కింటికి ఇవి తగియున్నవి.

ఈఎన్ 19, ఈఎన్ 24 మిశ్రమ ఉక్కులు. బరువైన కుదుపులు గల చోట, చక్రము పెద్దది చేయుటకు స్థలము లేని చోట వాడవలెను. 20ఎంఎన్‌సిఆర్5 వంటి ఉక్కు పైపొర మాత్రము మిక్కిలి గట్టిపడి లోపల మెత్తగా నిలుచునట్టిది; ట్రాక్టరు గేరు పెట్టెలలోని గేర్లకు తగినది. తగిన కొలిమి, తరువాత సాన పట్టు వసతి లేని షాపులో దీనిని చేయించినచో పళ్లు వంకర పోవును.

పినియన్‌ను గేరుకంటె కొంచెము గట్టిగా ఉంచవలెను. పై ఉదాహరణలో గేరు పన్ను ఒకసారి పని చేయులోపల పినియన్ పన్ను నాలుగు సార్లు పని చేయును. రెండును ఒకే గట్టిదనముతో ఉన్నచో పినియన్ ముందు అరుగును. గట్టిపరచినారా లేదా అని తెలిసికొనుటకు పక్కభాగమున గాక పంటి కొన మూలను ఆకురాయితో రాచి చూడుడు. ఆకురాయి కొరికినచో మెత్తగా ఉన్నది, జారినచో గట్టిపడినది.

విరిగిన పంటిని వెల్డింగుతో కట్టించుట అలవాటుగా ఉన్నది. సి 45 వంటి ఉక్కులో వెల్డింగు పక్కనే పెళుసుతనము వచ్చి పగులు బయలుదేరును. కోతలు ముగియువరకు గడుపుటకు తప్ప దానిని మరమ్మతుగా ఎంచరాదు.

రంధ్రము, కీ గాడి

పంటి మొదలుకును కీ గాడి పైభాగమునకును మధ్య మిగులు ఇనుము ఒక పంటి లోతుకు తగ్గరాదు. పై పినియన్‌లో పంటి మొదళ్ల వద్ద వ్యాసము 70 మి.మీ. 35 మి.మీ. ఇరుసు, 10 × 8 మి.మీ. కీ పెట్టినచో చక్రములో గాడి లోతు 3.3 మి.మీ. పోగా 14 మి.మీ. ఇనుము మిగులును. పంటి లోతు 9 మి.మీ. కనుక క్షేమము. అదే 3 మాడ్యూలు పినియన్‌లో మిగులునది 5 మి.మీ. పైచిలుకు మాత్రమే, పంటి లోతు 6.75 మి.మీ. అట్టి చక్రము కీ గాడి వద్ద చీలును. ఇరుసు 22 మించి 30 మి.మీ. వరకు 8 × 7 కీ, 30 మించి 38 వరకు 10 × 8 కీ, 38 మించి 44 వరకు 12 × 8 కీ వాడవలెను.

కోత

హాబింగు యంత్రముపై కోసిన పంటి ఆకారము మేలైనది. ఆ వసతి లేని షాపులో మిల్లింగు కట్టర్‌తో ఒక్కొక్క సందును కోయుదురు. ఒక్కొక్క మాడ్యూలుకు ఎనిమిది కట్టర్లు ఉండును. 17 నుండి 20 పళ్ల వరకు 6వ నంబరు, 21 నుండి 25 వరకు 5వ నంబరు, 55 నుండి 134 వరకు 2వ నంబరు కట్టర్ వాడవలెను. 20 పళ్ల పినియన్‌ను, 80 పళ్ల గేరును ఒకే కట్టర్‌తో కోయుచున్నచో ఆపుడు. ఆ జత మోత పెట్టక మానదు.

బిగించుట

రెండు ఇరుసులు సమాంతరముగా ఉండవలెను. పళ్లు ఒకదానిలో ఒకటి బిర్రుగా దూరరాదు. కొంచెము సందు ఉండవలెను. దీనిని బ్యాక్‌లాష్ అందురు. 4 మాడ్యూలు గేర్లకు 0.2 మి.మీ. ప్రాంతమున సరిపోవును. సామాన్య పద్ధతి ఏమనగా, పళ్ల మధ్య నోటుబుక్కు కాగితపు ముక్క పెట్టి చేతితో తిప్పుడు. కాగితము ముడతలు పడి, చిరగక బయటికి రావలెను. చిరిగినచో బిర్రు ఎక్కువ.

తరువాత పినియన్ పళ్లకు నీలిరంగు పలుచగా పూసి ఒక చుట్టు తిప్పి చూడుడు. గేరు పంటి వెడల్పు నడుమ రంగు అంటినచో అమరిక సరిగా ఉన్నది. ఒక అంచుననే అంటినచో ఇరుసు వంకరగా ఉన్నది; బేరింగు కింద రేకు ముక్క పెట్టి సరిచేయుడు.

గ్రీజు, మూత

తెరచియున్న గేరుపై గ్రీజు పూసినచో పసుపు దుమ్ము, మట్టి అందులో కలిసి సానరాతి ముద్ద వలె పళ్లను అరగదీయును. కావున గ్రీజు కంటె ముందు మూత అవసరము. వారమునకొకసారి పాత గ్రీజును తుడిచి కొత్తది పూయుడు. పని కాలము ముగిసిన తరువాత కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పట్టించి ఉంచుడు. గ్రీజు సరుకుపై పడకుండ చూచుకొనుడు.

మూత గేరును మాత్రమే గాక మనిషిని కాపాడును. రెండు గేర్లు కలియుచోట పంచె అంచుగాని, చీర కొంగుగాని, జడగాని చిక్కినచో లాగుకొనుటకు సమయము ఉండదు. ముందు చెప్పిన బెల్టు పళ్లను కాపాడునేగాని చేతిని కాపాడదు. పంట నూర్పిడి యంత్రముల ప్రమాదములు చూచియే 1983లో అపాయకరమైన యంత్రముల నియంత్రణ చట్టము చేయబడినది. మీ యింట చేయించుకొన్న యంత్రమునకు తనిఖీ చేయువారెవరును రారు. ఆ బాధ్యత మీదే. 1.5 మి.మీ. రేకుతో చుట్టును మూసి, బోల్టులతో బిగించుడు. మోటారు స్విచ్చి ఆపి, ఫ్యూజు తీసిన తరువాతనే మూత తెరువవలెను.

షాపునకు ఇవ్వవలసిన చీటీ

నోటిమాటగా చెప్పక ఈ వివరములు కాగితముపై వ్రాసి ఇచ్చుడు. పై ఉదాహరణకు చీటీ ఇట్లుండును:

1. స్పర్ గేర్ల జత, 4 మాడ్యూలు, 20 డిగ్రీలు.
2. పినియన్ 20 పళ్లు, బయటి వ్యాసము 88 మి.మీ.; గేరు 80 పళ్లు, బయటి వ్యాసము 328 మి.మీ.
3. పంటి వెడల్పు 40 మి.మీ.
4. ఇరుసుల మధ్య దూరము 200 మి.మీ.
5. ఉక్కు సి 45 లేక ఈఎన్ 8. పినియన్ పళ్లు గట్టిపరచవలెను.
6. పినియన్ రంధ్రము 35 మి.మీ., కీ 10 × 8 మి.మీ.; గేరు రంధ్రము, కీ పీపా ఇరుసును బట్టి.
7. కోత హాబింగు, లేనిచో పినియన్‌కు 6వ నంబరు, గేరుకు 2వ నంబరు కట్టర్.

సరుకు తీసికొనునపుడు ఈ చీటీని, కాలిపర్‌ను వెంట తీసికొనిపోయి ఒక్కొక్క అంశము సరిచూచి, ఆ తరువాతనే డబ్బు చెల్లింపుడు. చీటీ నకలు ఒకటి యంత్రపు కాగితములతో భద్రపరచుకొనుడు. ఇంకొక గేరు కావలసినపుడు మరల కొలువ నవసరముండదు. వీలైనచో పినియన్‌ను ఒకటి అదనముగా చేయించి ఇంట ఉంచుకొనుడు. జతలో ముందుగా అరుగునది అదియే. గేరుతో పోల్చిన దాని ఖరీదు స్వల్పము. కళ్లములో సరుకు ఉన్న వేళ దాని విలువ మీకే తెలియును.